షాక్‌వేవ్ ప్యాకేజీకి డబ్బులు కట్టేముందు మడమ మీద బొటనవేలు పెట్టి చూసుకోండి

బ్రదర్, మీ పోస్ట్ రెండుసార్లు చదివా. కింద కామెంట్లలో ఒకాయన సూపర్ అన్నాడు, ఇంకొకాయన దండగ అన్నాడు, ఇద్దరూ వాళ్ళ వాళ్ళ కాలి సంగతి చెప్పారు గానీ మీ కాలి సంగతి ఎవరూ అడగలా. మీరు చెప్పింది ఇదీ: గుంటూరులో చీరల షాపులో సేల్స్, వయసు 44, రోజుకి 11 గంటలు నిలబడే పని, పోయిన శ్రావణమాసం రష్‌లో మొదలైన కుడి మడమ నొప్పి తొమ్మిది నెలలైనా వదల్లేదు, ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు, ఒక ఇంజెక్షన్ వేస్తే రెండు నెలలు హాయిగా ఉండి మళ్ళీ మొదటికొచ్చింది, ఇప్పుడు ఒక సెంటర్లో షాక్‌వేవ్ ఆరు సిట్టింగులు తొమ్మిది వేలు ముందే కట్టమంటున్నారు, కట్టొచ్చా, ఆ షాక్ అంటేనే భయంగా ఉంది అని. చివర్లో మీ ఆవిడ భుజం సంగతి కూడా ఒక లైన్ అడిగారు, అది ఆఖర్న చెప్తా.

నేను ఫిజియోని, విజయవాడ సూర్యారావుపేట సైడ్ 21 ఏళ్ళుగా ప్రాక్టీస్. షాక్‌వేవ్ మెషిన్ తీసుకుని తొమ్మిదేళ్ళయింది, లోన్ పెట్టి కొన్నా. ఈ లోన్ ముక్క ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో అర్థమవుద్ది.

ముందు ఆ భయం సంగతి. షాక్ అన్నారు కదా అని కరెంట్ షాక్ అనుకోకండి, మీ ఒంట్లోకి కరెంటు ఒక్క చుక్క కూడా రాదు. నా దగ్గరకొచ్చే పెద్దవాళ్ళలో సగం మంది "బాబూ, నాకు స్టెంట్ పడింది, కరెంటు పెట్టొద్దు" అని ముందే చేతులు అడ్డం పెడతారు. ఇది దెబ్బ. గాలి కంప్రెసర్ ఉంటది, మన పంక్చర్ షాపులో ఉండేదానికి చిన్న తమ్ముడనుకోండి, ఆ గాలి ప్రెషర్‌తో చేతిలో పట్టుకునే గన్ లోపల చిన్న ఇనుప గుండు ముందుకెళ్ళి మూతిని కొడతది, ఆ మూతి మీ చర్మం మీద ఆనించి ఉంటది కాబట్టి ఆ దెబ్బ తాలూకు అల లోపలికి పోద్ది. సెకనుకి పది దెబ్బలు, మొత్తం 2000 దెబ్బలు వేసినా మూడున్నర నిమిషాల లోపే అయిపోద్ది. దీన్ని రేడియల్ అంటారు, మన ఊళ్ళలో ఫిజియో సెంటర్లలో ఎక్కువగా కనపడేది ఇదే. ఇంకో రకం ఫోకస్డ్ అని ఉంటది, అందులో అల లోపల ఒక పాయింట్ దగ్గర కూడుకుంటది, భూతద్దంతో ఎండని ఒక చుక్క మీదకి తెచ్చినట్టు, లోతుగా ఉన్నచోటికి అది మంచిది, మెషిన్ కూడా బాగా ఖరీదు. రేడియల్‌లో బలమంతా చర్మం దగ్గరే, లోపలికి పోయే కొద్దీ పల్చబడిపోద్ది. మడమ లాంటి పైపైన ఉండే చోటికి రేడియల్ సరిపోద్ది, కాబట్టి వాళ్ళ దగ్గర ఏది ఉందా అని మీరు పెద్దగా బెంగపడక్కర్లా.

అసలు ఈ వైద్యం పుట్టింది నొప్పుల కోసం కాదు లెండి, కిడ్నీలో రాళ్ళ కోసం. జర్మనీలో డోర్నియర్ అని విమానాల కంపెనీ, సౌండ్ కంటే స్పీడ్‌గా పోయే విమానం మీద వాన చినుకు పడితే లోహం ఎందుకు దెబ్బతింటోంది అని చూస్తూ చూస్తూ ఆ అలల మీద పట్టు సంపాదించారు, 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషి కిడ్నీలో రాయిని కొయ్యకుండా పగలగొట్టారు. తర్వాత అతుక్కోని ఎముకల మీద వాడి చూశారు, అక్కణ్ణుంచి టెండన్ల మీదకి, అంటే కండని ఎముకకి కట్టే తాళ్ళ లాంటి వాటి మీదకి వచ్చింది, 2000 సంవత్సరంలో అమెరికాలో మందులకీ వైద్యం మెషిన్లకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ వాళ్ళు మడమ నొప్పికి ఒక మెషిన్‌ని ఒప్పుకున్నారు. ఈ కథ ఎందుకంటే, రాళ్ళు పగలగొట్టే మెషిన్ కదా, మడమలో పెరిగిన ఎముకని కూడా పొడి చేస్తది అని చాలా సెంటర్లలో చెప్తారు, పేషెంట్లు కూడా అదే నమ్ముతారు. చెయ్యదు. ట్రీట్‌మెంట్ అయ్యాక ఎక్స్‌రే తీస్తే ఆ ముల్లు లాంటి ఎముక అక్కడే ఉంటది, నొప్పి మాత్రం పోయి ఉంటది. అసలు ఆ ఎముక పెరిగి ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడంత మంది. మీ ఎడమ కాలు కూడా ఎక్స్‌రే తీస్తే దాంట్లోనూ ఉండొచ్చు. కాబట్టి ఆ ఫిల్ములో ముల్లుని చూసి దిగులు పడటం ఆపండి, నొప్పి దాంట్లో లేదు, మడమ కింద నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా పోయే పట్టీ ఒకటుంది, ప్లాంటార్ ఫేసియా, అది మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంది.

మరి దెబ్బలు కొడితే నొప్పి ఎట్టా తగ్గుద్ది అంటారా. కొత్త దెబ్బకి వాపొస్తది, వేడొస్తది, రక్తం పరిగెత్తుకొస్తది, మూడు నాలుగు వారాల్లో మానిపోద్ది. తొమ్మిది నెలల పాత నొప్పిలో ఆ హడావిడి ఎప్పుడో సద్దుమణిగి ఉంటది, పట్టీ మందంగా తయారయి, లోపల పోగులు చిక్కుపడిన దారంలాగా అయి, మానడం మధ్యలో ఆగిపోయి ఉంటది. మీకు చీరల మీద అనుభవం ఉంది కాబట్టి చెప్తా, పడుగూ పేకా సరిగ్గా ఉన్న బట్టకీ, ఒకచోట లాగి లాగి పోగులు చెదిరిన బట్టకీ తేడా మీకు వేలితో తడిమితేనే తెలుస్తది కదా, అట్టాంటిదే. షాక్‌వేవ్ ఆ చోట మళ్ళీ చిన్న అలజడి రేపుద్ది, అక్కడ నొప్పి మోసే సన్నటి నరాల కొసలని కొంతకాలం మొద్దుబారుస్తది, రక్తనాళాలు కొత్తగా రావడానికి కబురు పంపుద్ది. ఇందులో ఏది ఎంత పని చేస్తుందో అని డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఒకటి మాత్రం నేను కళ్ళారా చూశా, దెబ్బలు కొట్టించుకుని ఇంటికెళ్ళి కాలుకి వేరే పనేమీ నేర్పనివాళ్ళు మూడు నెలల తర్వాత మళ్ళీ నా మెట్లెక్కుతారు. పోగులు వరసలోకి రావాలంటే వాటి మీద సరైన బరువు పడాలి, ఆ బరువు మెషిన్ వెయ్యలేదు.

ఇప్పుడు టైటిల్లో చెప్పిన బొటనవేలు సంగతి. పొద్దున్నే మంచం దిగకముందే చూడండి. కుడి కాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, వేళ్ళని వెనక్కి వంచి పట్టుకుని, మడమ కింద లోపలి వైపు అంటే రెండో కాలి వైపు ఉండే ముందు అంచు దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. రూపాయి బిళ్ళంత చోట "అమ్మా" అనిపించి, పక్కకి జరిపితే ఏమీ లేకపోతే, పైగా పొద్దున మొదటి నాలుగడుగులు నరకంగా ఉండి తర్వాత కాస్త సర్దుకుని మళ్ళీ సాయంత్రానికి మొదలయితే, మీది నేను చెప్పిన పట్టీ నొప్పే అని నూటికి తొంభై పాళ్ళు అనుకోవచ్చు. అట్టా కాకుండా మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో పిండితే ప్రాణం పోతే, ఎముకలో సన్నటి చీలిక ఉందేమో చూపించుకోవాలి, దాని మీద గన్ పెట్టకూడదు. రెండు కాళ్ళూ మంటలుగా, తిమ్మిరిగా, రాత్రి పడుకున్నాక ఎక్కువగా ఉంటే అది నరాల సంగతి, షుగర్ చూపించుకోండి. నడుము నుంచి పిక్క మీదుగా దిగి మడమలో ఆగితే వెన్నుపూస సంగతి. ఎప్పుడైనా టప్‌మని శబ్దం వచ్చి అరికాల్లో రక్తం కమిలినట్టు అయితే పట్టీ తెగిందేమో, ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళలో ఇది అప్పుడప్పుడూ జరుగుద్ది, అందుకే అడుగుతున్నా.

ఈ షుగర్ ముక్క నాకు ఒకాయన నేర్పాడు. మెషిన్ కొన్న మొదటి సంవత్సరం, నెలనెలా ఈఎంఐ కట్టాలి, అమ్మినవాడేమో "సార్, మెడ, నడుము, మోకాలు, మడమ, ఏదైనా పెట్టెయ్యండి" అని ఒక రంగుల చార్టు గోడకి అంటించి పోయాడు. ఎవరొచ్చినా నా కళ్ళు ముందు ఆ మెషిన్ వైపే పోయేవి, ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కంకిపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, రెండు మడమలూ నొప్పి అన్నాడు, నొక్కితే "ఆ, ఉంది ఉంది" అన్నాడు, అయిదు సిట్టింగులు పెట్టేశా. తగ్గలా. అయిదోసారి జెల్ తుడుస్తుంటే అరికాలు మీద చిన్న బొబ్బ కనపడింది, ఇదేంటి బాబాయ్ అంటే, "ఏమో, ఎండకి బండలు కాలినయ్యేమో, నాకేం తెలియలా" అన్నాడు. మే నెల బండ కాలి బొబ్బెక్కినా తెలియని పాదం అది. పాదానికి స్పర్శ ఉందా లేదా అని మొదటి రోజే దూదితో, సన్నటి నైలాన్ తీగతో చూడాల్సింది, రెండు నిమిషాల పని, నేను చెయ్యలా. నొక్కితే ఉందన్నాడు కదా అని సరిపెట్టుకున్నా. డబ్బులు వెనక్కిచ్చి షుగర్ డాక్టర్ దగ్గరకి పంపించా. ఆ చార్టు ఆ రోజే పీకేశా, గోడకి టేపు మచ్చ ఇంకా ఉంది.

అందుకే చెప్తున్నా, ఆ సెంటర్లో ముందు మీ కాలు చేత్తో పట్టుకుని చూశారా, పొద్దున ఎట్టా ఉంటది, షాపులో ఎంతసేపు నిలబడతారు, షుగర్ ఉందా, రక్తం పల్చబడే బిళ్ళలు వాడుతున్నారా అని అడిగారా, లేకపోతే ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి రేటు చెప్పారా. రెండోదైతే ఆ తొమ్మిది వేలు జేబులోనే ఉంచుకోండి.

సరే, మీది పట్టీ నొప్పే అనుకుందాం. తొమ్మిది నెలలు అయ్యింది, ఇంజెక్షన్ అయ్యింది, అప్పుడు షాక్‌వేవ్ చేయించుకోవడం సబబే, నేనైనా మీకు ఇదే చెప్తా. రెండు నెలల నొప్పికైతే వద్దనేవాణ్ణి, అప్పుడు చెప్పులు మార్చి వ్యాయామం చేస్తే చాలామందికి అదే పోద్ది. ఆరు సిట్టింగులు ముందే కట్టడం మాత్రం ఎందుకో నాకు అర్థం కాదు. మామూలుగా వారానికి ఒకటి చొప్పున మూడు నుంచి అయిదు. మూడు అయ్యాక ఆగి చూసుకోవచ్చు. ఇంకో సంగతి, దీని ఫలితం సిట్టింగుల మధ్యలో కొలవకూడదు, చివరి సిట్టింగ్ అయ్యాక ఎనిమిది నుంచి 12 వారాలకి అసలు తేడా తెలుస్తది. మూడో వారానికి "ఏం తగ్గలేదు సార్, ఇంకో ఆరు పెట్టండి" అనేవాళ్ళూ ఉన్నారు, పెట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఒక్కటి అడగండి, ఒక్కో సిట్టింగ్‌కి కట్టుకోవచ్చా అని. కాదంటే ఇంకో సెంటర్ చూసుకోండి, గుంటూరులో కొత్తపేట, బ్రాడీపేట వైపు ఫిజియోలకి కొదవా ఏంటి.

సిట్టింగ్ ఎట్టా ఉంటదో చెప్తా, అప్పుడు భయం పోద్ది. మొన్న జనవరిలో ఒకావిడ వచ్చింది, కాలేజీ హాస్టల్ మెస్‌లో వంట, పొద్దున నాలుగింటికి లేచి రెండొందల మందికి ఇడ్లీ, మళ్ళీ మధ్యాహ్నం అన్నం, సిమెంటు గచ్చు మీద ఒట్టి కాళ్ళతో. బోర్లా పడుకోబెట్టి, పాదం బల్ల అంచు బయటకి పెట్టించి, నేను వేలితో నొక్కుతూ పోతే ఒకచోట కాలు లాగేసుకుంది, అక్కడ పెన్నుతో చుక్క పెట్టా. స్కానింగ్‌కి రాసే జెల్ ఉంటది కదా, చల్లగా, అది రాసి, ప్రెషర్ ఒకటిన్నర బార్ దగ్గర మొదలుపెట్టా. డగడగడగడగ అని శబ్దం, వీధి చివర డ్రిల్లింగ్ మెషిన్ మాదిరి. మొదటి వంద దెబ్బలకి "ఇంతేనా" అంది, రెండు బార్లకి పెంచేసరికి దిండు పట్టుకుంది. పదికి ఎంత నొప్పి అక్కా అంటే "ఆరు, కాదు ఏడు" అంది. అక్కడ ఆగా, ఏడు దాటనివ్వను. మూడు నాలుగు వందల దెబ్బలు పడేసరికి అదే ప్రెషర్ మీద "ఇప్పుడు నాలుగే" అంది, చోటు మొద్దుబారుద్ది కాబట్టి అప్పుడు ఇంకాస్త పెంచా. పేషెంట్ నొప్పి చెప్తుంటేనే గన్ సరైన చోట ఉందని నాకు తెలిసేది. అందుకే మత్తు ఇంజెక్షన్ వేసి చేస్తాం, నొప్పే తెలియదు అంటే ఒప్పుకోకండి, మత్తు ఇచ్చి చేసినవాళ్ళకి ఫలితం తగ్గినట్టు పరీక్షల్లో కూడా తేలింది. మొత్తం అయిదు నిమిషాలు. లేచి నడిచింది, మడమ తేలిగ్గా ఉందంది, సాయంత్రానికి మళ్ళీ సలుపు వచ్చిందని ఫోన్ చేసింది, అదీ మామూలే. ఒకటి రెండు రోజులు సలుపు, కాస్త ఎరుపు, కొందరికి చర్మం కింద కమిలిన మచ్చ, అంతకుమించి ఉండకూడదు.

ఆ రెండు రోజులూ డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు, ఐస్ రుద్దొద్దు. మనం కావాలని అలజడి రేపాం, దాన్ని బిళ్ళతో ఆర్పేస్తే ఇక ఎందుకు కొట్టించుకున్నట్టు. తట్టుకోలేకపోతే పారాసెటమాల్ ఒకటి చాలు.

ఇక ఇంజెక్షన్. మీకు వేసింది స్టెరాయిడ్ అయ్యుంటది. అది చెడ్డదని కాదు, నెల రెండు నెలలు అంత బాగా నొప్పి తగ్గించేది ఇంకోటి లేదు, కానీ మీకు జరిగిందే చాలామందికి జరుగుద్ది. తుంటి పక్క నొప్పి మీద 2009లో జర్మన్ డాక్టర్లు ఒక పోలిక ప్రచురించారు, 229 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి ఇంజెక్షన్, ఒకరికి రేడియల్ షాక్‌వేవ్, ఒకరికి ఇంటి దగ్గర వ్యాయామం. నెలకి చూస్తే ఇంజెక్షన్ వాళ్ళు అందరికంటే ముందున్నారు, నాలుగు నెలలకి షాక్‌వేవ్ వాళ్ళు ముందుకొచ్చారు, 15 నెలలకి వ్యాయామం వాళ్ళూ షాక్‌వేవ్ వాళ్ళూ బాగున్నారు, ఇంజెక్షన్ వాళ్ళు వెనకబడిపోయారు. అది తుంటి, మనది మడమ, అచ్చం అట్టాగే అని చెప్పను, నేను మడమల్లో చూస్తున్న వరస కూడా అదే. మళ్ళీ మళ్ళీ వేయిస్తే మడమ కింద దూదిదిండు లాంటి కొవ్వు కరిగిపోద్ది, అది ఒకసారి పోతే ఎన్ని మెత్తటి చెప్పులు కొన్నా రాదు. రెండోది వేయించుకోకండి. మొదటిది వేసి ఆరు వారాలు దాటకపోతే షాక్‌వేవ్ కూడా ఆపండి, మీ లెక్క ప్రకారం దాటినట్టే ఉంది.

ఇప్పుడు మీరు అడగని దాని గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే మీ నొప్పి అక్కడే పుట్టింది. చీరల షాపులో పరుపుల మీద, చెప్పులు బయట వదిలేసి, ఒట్టి కాళ్ళతో. పరుపు మెత్తగా ఉంటది కదా అనుకుంటారు, ఆ తెల్ల దుప్పటి కింద పరుపు నాలుగేళ్ళకి అణిగిపోయి చాపలాగా అవుద్ది, కింద గ్రానైట్. పైగా మీరు నిలబడటం ఒక్కటే కాదు, పై అర నుంచి చీరల కట్ట దించడానికి మునివేళ్ళ మీద లేస్తారు, రోజుకి ఎన్నిసార్లు లేస్తారో ఒకసారి లెక్కపెట్టండి. మామూలు రోజుల్లో మీ కాలు దానికి అలవాటు పడిపోయింది, శ్రావణంలో ఒక్కసారిగా రెట్టింపయింది, వరలక్ష్మీ వ్రతం ముందు వారం అన్నం తినడానికి కూడా కూర్చోలేదని మీరే రాశారు. ఇంటికొచ్చాక మళ్ళీ టైల్స్ మీద ఒట్టి కాళ్ళు. మన ఇళ్ళల్లో చెప్పులేసుకుని తిరిగితే పెద్దవాళ్ళు ఊరుకోరు, నాకూ తెలుసు. బయట వేసుకోనివి, ఇంట్లోకి మాత్రమే అని మెత్తటి రబ్బరు అడుగు ఉండే ఒక కొత్త ఎంసీఆర్ చెప్పుల జత తెచ్చి మంచం పక్కనే పెట్టుకోండి, పొద్దున మొదటి అడుగు వాటిలోనే పడాలి. దేవుడి గది దగ్గర విప్పండి, చాలు. షాపులో చెప్పులు కుదరదంటే సిలికాన్ హీల్ కప్పులు దొరుకుతాయి మందుల షాపులో, మందపాటి సాక్సులో మడమ కింద పెట్టుకుంటే పరుపు మీద కూడా నడిచిపోద్ది, ఎవరికీ కనపడదు.

వ్యాయామం ఒక్కటే చెప్తా, ఒక్కటైతేనే చేస్తారు. టవల్‌ని చుట్ట చుట్టి మెట్టు అంచున పెట్టండి, కాలి వేళ్ళు ఆ చుట్ట మీదకి ఎక్కి పైకి వంగి ఉండాలి, మడమ మెట్టు బయట గాల్లో. గోడ పట్టుకుని నొప్పి ఉన్న ఒంటి కాలి మీద మూడు సెకన్లలో పైకి లేవండి, రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దిగండి. 12 సార్లు, మూడు విడతలు, రోజు మార్చి రోజు. ఒంటి కాలితో రాకపోతే రెండు కాళ్ళతో మొదలుపెట్టండి. రెండు వారాలకి తేలికైపోద్ది, అప్పుడు వీపుకి బ్యాగ్ తగిలించి అందులో మీ పిల్లల పుస్తకాలు వేసుకోండి, 10 సార్లే లేవగలిగినంత బరువు, తర్వాత ఎనిమిది సార్లే లేవగలిగినంత. ఇది నేను కనిపెట్టింది కాదు, డెన్మార్క్ వాళ్ళు 48 మంది మీద పెట్టి చూశారు, మూడు నెలలకి ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్ళకంటే వీళ్ళు బాగున్నారు, సంవత్సరం తిరిగేసరికి ఇద్దరూ ఇంచుమించు ఒకటే అయ్యారు. మీకు ఆ మొదటి మూడు నెలలే ముఖ్యం కాబట్టి ఇదే చెయ్యండి. చేసేటప్పుడు పదికి నాలుగైదు నొప్పి రావొచ్చు, భయపడొద్దు, మర్నాడు పొద్దున మొదటి అడుగు ముందురోజు కంటే ఘోరంగా ఉంటే బరువు తగ్గించండి, అంతే కొలత. ఇందాక చెప్పిన హాస్టల్ అక్క టవల్ బదులు గోనెపట్టా చుట్ట వాడింది, పుస్తకాల బ్యాగ్ బదులు అయిదు కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుంది. మూడు సిట్టింగులే చేశా, నాలుగోదానికి రాలా, ఏమైందో అనుకున్నా. ఉగాదికి పచ్చడి డబ్బా పట్టుకుని వచ్చింది, పొద్దున నొప్పి ఇంకా పదికి రెండు ఉంటదంట, అది పెద్ద లెక్కలోకి రాదంది.

మిగతా చోట్ల సంగతి క్లుప్తంగా, చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే. పిక్క కింద మడమ వెనక టెండన్, అదే అకిలిస్, దానికి వ్యాయామంతో కలిపి చేస్తే బాగుంటది. మోకాలి చిప్ప కింద నొప్పి, వాలీబాల్, కబడ్డీ ఆడే కుర్రాళ్ళకి వచ్చేది, కొందరికి పని చేస్తది, ఆట ఆపకుండా చేయించుకుంటే ఎవరికీ చెయ్యదు. టెన్నిస్ ఎల్బో అని మోచేతి బయట నొప్పి, టెన్నిస్ ముఖం చూడని మా ఆటోనగర్ మెకానిక్కులకే ఎక్కువ, దీని మీద పరీక్షలు సగం అటు సగం ఇటు ఉన్నాయి, నా మోచెయ్యికి నేనే పెట్టుకున్నా ఒకసారి, పెద్ద తేడా రాలా, గన్ పట్టుకునే చెయ్యి మార్చాక తగ్గింది. మెడ దగ్గర కండ గడ్డకట్టినట్టు ఉండేదానికి రెండు మూడు రోజులు హాయిగా ఉంటది, దానికోసం ప్యాకేజీ కట్టక్కర్లా. మోకాళ్ళ అరుగుదలకి నేను పెట్టను.

అసలు చేయించుకోకూడనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే బిళ్ళలు వాడేవాళ్ళు లేదా రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్ళు, కొట్టే చోట గడ్డ గానీ క్యాన్సర్ గానీ చీము గానీ ఉన్నవాళ్ళు, ఇంకా ఎదిగే పిల్లల ఎముక చివర్ల దగ్గర, ఊపిరితిత్తుల పైన ఛాతీ మీద. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు గుండె డాక్టర్‌ని అడక్కుండా వద్దు. ఆస్పిరిన్ ఒక్కటే వాడేవాళ్ళు ముందు చెప్పండి, మీ అంతట మీరు ఆపెయ్యకండి, కమిలిన మచ్చలు కాస్త ఎక్కువ పడతాయి అంతే.

మీ ఆవిడ భుజం గురించి. ఒక్క లైన్ రాశారు, చెయ్యి పైకెత్తలేకపోతోంది అని. రెండు సంగతులు కావాలి నాకు. ఆమె పడుకుని ఉండగా మీరు చెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తితే వెళ్తోందా, లేక మీరెత్తినా అక్కడే బిగుసుకుపోతోందా. బిగుసుకుపోతుంటే అది ఫ్రోజెన్ షోల్డర్, షుగర్ ఉన్న ఆడవాళ్ళలో చాలా ఎక్కువ, ఆ దారి వేరు, షుగర్ టెస్ట్ చేయించండి ముందు. వెళ్తోంది గానీ మధ్యలో ఒకచోట కలుక్కుమంటోంది అంటే ఒక ఎక్స్‌రే తీయించండి. అందులో టెండన్ మీద సున్నం ముద్దలాగా తెల్లగా కాల్షియం కనపడితే మాత్రం షాక్‌వేవ్ పనికొచ్చే అవకాశం ఉన్న చోటు అది, మడమలో ఎముకని కరిగించదు అన్నా కదా, భుజంలో ఈ కాల్షియం చాలామందిలో కరిగిపోద్ది, దానికి మాత్రం ఫోకస్డ్ మెషిన్, ఎక్కువ ఎనర్జీ కావాలి, మా లాంటి గాలి గన్‌లతో అంత ఫలితం రాదు. కాల్షియం లేని మామూలు భుజం నొప్పికి డబ్బులు పెట్టొద్దు, వైద్య పరీక్షల ఫలితాలన్నీ కూడగట్టి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2020లో కాల్షియం ఉన్న భుజాలవీ లేని భుజాలవీ పరీక్షలు కలిపి చూసి, మొత్తం మీద పెద్ద ఉపయోగం కనపడలేదనే తేల్చారు.

మీరిప్పుడు మొదలుపెడితే మూడు సిట్టింగులు ఈ నెలలో అయిపోతాయి, ఆ తర్వాత ఎనిమిది, పది వారాలు లెక్కేసుకోండి, సరిగ్గా ఆషాఢం డిస్కౌంట్లు, ఆ వెంటనే శ్రావణం. ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడి, గంటకోసారి అయిదు నిమిషాలు బిల్ కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చోనివ్వమని, పై అరల చీరలు దించే పని ఆ రెండు నెలలూ కుర్రాళ్ళకి ఇవ్వమని అడగండి. పొద్దున మొదటి అడుగు నొప్పి పదికి ఎంతో రోజూ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకోండి. పది రోజులయ్యాక ఆ అంకెలూ, షుగర్ రిపోర్టూ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తా.